అక్కకు ఆపిన రొట్టె

మా గుడిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే ఏసు ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, ఉంటుంది. చర్చిని మేం గుడి అనే అంటాం, చిత్తూరులో పాత క్రైస్తవులందరూ అట్లాగే అంటారు. కొన్ని చోట్ల మాదిరిగా జనం వరసగా లేచి ముందుకు పోయి మోకరించే పద్ధతి మా దగ్గర లేదు. ఎవరు కూర్చున్నచోట వాళ్ళే కూర్చుంటారు. రొట్టె ముక్కలున్న పళ్ళెం పట్టుకుని సంఘ పెద్దలే వరసల మధ్య తిరుగుతారు. మగవాళ్ళ వైపు ఒకరు, ఆడవాళ్ళ వైపు ఒకరు. ఆడవాళ్ళ వైపు తిరిగేది మా నాయన. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆయనే.

ఆ రొట్టె ఆకాశం నుంచి ఊడిపడేదేం కాదు. బేకరీలో కొన్న మామూలు బ్రెడ్డు. శనివారం సాయంత్రం నాయన చాప మీద కూర్చుని, అంచులు తీసేసి, చాకుతో చిన్న చిన్న ముక్కలు కోసేవాడు. అంచులు మాకు. "తినొచ్చా నాయనా?" అని అక్క ప్రతిసారీ అడిగేది. "ప్రార్థన సెయ్యకముందు అది ఉత్త బ్రెడ్డేమ్మా, తినండి" అని నాయన ప్రతిసారీ చెప్పేవాడు. ఆ జవాబు వచ్చేలోపల నేను సగం తినేసి ఉండేదాన్ని. మా ఇద్దరికీ తేడా అంతే. దానికి దేవుడంటే భయమూ ప్రేమా రెండూ నిండుగా ఉండేవి. నాకు ఆకలి ఉండేది.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. తాగి వీధిలో పడినవాడికి, ఇంకొకదాన్ని ఉంచుకున్నవాడికి, బాప్తిస్మం లేనివాళ్ళను పెళ్ళి చేసుకున్నవాళ్ళకు 'బల్ల ఆపుతారు'. గుడికి రావద్దని అనరు. రావచ్చు, పాటలు పాడవచ్చు, కానుక పళ్ళెంలో కానుక వెయ్యవచ్చు. మొదటి ఆదివారం మాత్రం ఆఖరి వరసలో కూర్చోవాలి. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. పళ్ళెం తిప్పే సంఘ పెద్ద దాన్ని కిందికి వంచకుండా వాళ్ళను దాటి పోతాడు. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఒక్కసారి మా గుడికి రావాలి.

అక్కను అట్లా ఆపారు. ఆపింది ఎవరో కాదు, నాయనే.

అక్క నగరిలో ఒక స్కూల్లో టీచరుగా చేరింది. అక్కడ మరమగ్గాలు నడిపే ఒకతన్ని ఇష్టపడింది. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో నాలుగు మగ్గాలు, సగం తెలుగూ సగం అరవమూ కలిసిన మాట. మంచివాడు. ఈ మాట నేను బావ కదా అని చెప్పడం లేదు, అతన్ని చూసినవాళ్ళెవరైనా అంటారు. వాళ్ళు హిందువులు, వాళ్ళ గుళ్ళో పెళ్ళి చెయ్యాలన్నారు, మా ఇంట్లో మా గుళ్ళోనే చెయ్యాలన్నారు. ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి సంతకాలు చేసి వచ్చారు.

ఆ తర్వాత జరిగిన పెద్దల మీటింగులో ఎవరూ నోరు తెరవకముందే నాయన లేచి నిలబడ్డాడట. తన పెద్ద కూతురు ఇట్లా చేసింది, బల్ల ఆపండి అన్నాడట. దానికి కారణం ఉంది. అంతకు కొన్నేళ్ళ ముందు ఇంకో సంఘ పెద్ద కూతురు ఇట్లాగే బయటి పెళ్ళి చేసుకుంది. ఆయన ప్రభుత్వ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైనవాడు, మగవాళ్ళ వైపు పళ్ళెం తిప్పేది ఆయనే. ఆ పిల్లను ఆపాలని గట్టిగా పట్టుబట్టింది నాయన. ఆ పిల్ల మళ్ళీ గుడి గడప తొక్కలేదు. తండ్రి ఇంటికీ రాలేదు. అందుకని తన వంతు వచ్చేసరికి నాయన ముందే లేచాడు. ఒకరింటికి పెట్టిన న్యాయాన్ని నాయన మా ఇంటికీ పెడతాడు.

ఆ తర్వాతి మొదటి ఆదివారం నాకు ఇంకా బాగా గుర్తుంది. అక్క నగరి నుంచి పొద్దున బస్సుకే వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని ఆఖరి వరసలో కూర్చుంది. నేను దాని పక్కనే కూర్చున్నాను. నాయన పళ్ళెం పట్టుకుని ఒక్కొక్క వరసా దాటి మా దగ్గరికి వచ్చాడు. నాకు వంచాడు. నేను తీసుకోలేదు. అక్క ముందు నుంచి పళ్ళెం తిన్నగా పోయింది. కూతురని ఆయన ఆగలేదు, తొందరపడి దాటనూ లేదు.  మధ్యాహ్నం ఇంట్లో పళ్ళెం పట్టిన ఆ చెయ్యే చియ్యల కూరలో మంచి మాంసం ముక్కలు ఏరి అక్క కంచంలో వేసింది. అక్క తలవంచుకుని తినింది. నేను కంచం వదిలేసి లేచిపోయాను. నా కోపం అక్కరకు రాని కోపం, అది అప్పుడూ తెలుసు.

అక్క మానలేదు. ఏళ్ళ తరబడి వచ్చింది. బావ బండి మీద దింపి, గుడి కాంపౌండు గోడ నీడలో ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు. "ఎందుకే రావడం, అవమానం పడేదానికా?" అని నేనంటే, "నా వాళ్ళు ఈడుండారు గదే, నేను యాడికి పోయేది?" అనేది.

తర్వాత దానికి కడుపు నొప్పి మొదలైంది. నగరిలో గ్యాసని మందులిచ్చారు. తిరుత్తణిలో అల్సరని ఇచ్చారు. తిరుపతికి తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో స్కానింగ్ తీయిస్తే కడుపులో గడ్డ అని, చాలా ఆలస్యంగా వచ్చారని చెప్పారు. నేను తిరుపతిలోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. నా అద్దె ఇల్లు ఆసుపత్రికి దగ్గరే. నాయన చిత్తూరు నుంచి వచ్చి నా దగ్గర ఉన్నాడు. బావ మగ్గాలు ఆపేసి ఆసుపత్రి వరండాలో ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం వార్డులో అక్కా నేనే ఉన్నాం. పక్క మంచం ఆమె కొడుకులు కొండకు పోయి గుండ్లు గీయించుకుని వచ్చి అందరికీ ప్రసాదం పంచుతున్నారు. ఎప్పుడో మొక్కిన మొక్కు తీర్చలేదని, అందుకే తల్లికి ఈ రోగమని వాళ్ళ నమ్మకం. "ఇప్పుడు తీర్చేసినాం, ఇంక భయం లేదు" అని పెద్ద కొడుకు నాతో అన్నాడు. వాళ్ళు అటు పోయాక అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నాకెందుకు వచ్చిందో నాకు తెల్సే," అంది.

"ఎందుకొచ్చింది?"

"నగరిలో అరవోళ్ళ గుడి ఉండాది గదా. పోయిన క్రిస్మస్‌కు ఆడికి పోతి. నేనెవురో ఆడ ఎవురికీ తెల్దు. అందరితో బాటు పోయి మోకాళ్ళేసి చెయ్యి సాపితి. వాళ్ళు పెట్టినారు. తినేసినా." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ తరువాతనే నొప్పి మొదలయ్యింది."

మా వాళ్ళు కాని వాళ్ళకు ఇది చెప్పాలి. యోగ్యత లేకుండా ఆ రొట్టె తిన్నవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడని, అందుకే కొందరు జబ్బు పడతారనీ చచ్చిపోతారనీ వాక్యంలో, అంటే బైబిల్లో, ఉంది. ప్రతి మొదటి ఆదివారం రొట్టె పంచే ముందు దాన్ని చదువుతారు. అక్క దాన్ని ఏళ్ళ తరబడి ఆఖరి వరసలో కూర్చుని విన్నది.

నాకు తల తిరిగిపోయింది. గడ్డ ఒక్క నెలలో పెరగదని, క్రిస్మస్‌కు ఎంతో ముందు నుంచే అది లోపల ఉందని డాక్టరు చెప్పిందంతా చెప్పాను. అరిచాను కూడా. నర్సు వచ్చి గదమాయించి పోయింది.

"డాక్టరుకు వాక్యం తెల్సా?" అంది అక్క.

"అట్లయితే నాయన్ను అడుగుతా ఉండు."

"వద్దే. నీకు పుణ్యముంటాది, వద్దు. మన గుడి రొట్టె, అందరికీ తెలిసి, నాయన సేతి మీదుగా ఒక్కసారి తినల్ల. అంతే. నన్ను ఎలేసింది మనుషులా, దేవుడా? తింటే ఏమయితాదో సూసి, అది తెలుసుకుని పోతా."

అదీ దాని కోరిక. ఇంకేమీ అడగలేదు.

నగరి సంగతి దాచి, అక్కకు బల్ల కావాలట అని మాత్రం నాయనకు చెప్పాను. ఆయన "పెద్దల ముందర పెట్టల్ల," అన్నాడు. ఆయన్ను నేనే చిత్తూరుకు తీసుకుపోయాను. సంఘ పెద్దలు గుడి పక్క గదిలో కూర్చున్నారు. పాస్టరుగారు ఈ మధ్యనే వచ్చిన కుర్రవాడు. నాయన అంటే ఆయనకు గౌరవం, కొంచెం బెదురు. "ఇంత అవస్థలో ఉన్న బిడ్డ కదండీ, నియమం కొంచెం సడలిస్తే..." అని మొదలుపెట్టి నాయన ముఖం చూసి ఆపేశారు.

అప్పుడు కాంపౌండరు మాట్లాడాడు. ఆయన అడ్డం చెప్తాడని, తన కూతురికి జరిగినదానికి ఇప్పుడు వడ్డీతో సహా తీర్చుకుంటాడని నేననుకున్నాను.

"ఇయ్యండి అయ్యోరూ," అన్నాడు పాస్టరుగారితో. తర్వాత నాయన వైపు తిరిగాడు. "నా బిడ్డ పోయింది పోయింది. నీ బిడ్డకన్నా ఇయ్యనీ. నేనేమీ అనుకోను."

ఆ ముసలాయన కాళ్ళకు మొక్కుదామనిపించింది. నాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నీ బిడ్డను ఆపిన నోటితో నా బిడ్డకు ఇయ్యమని ఎట్ల సెప్పేదప్పా? ఒప్పుకోలు ఉంటే సరి. లేకుంటే లేదు."

"సచ్చేదాన్ని ఏం ఒప్పుకోమంటావు నాయనా?" అన్నాను. పెద్దల మీటింగులో ఆడపిల్ల మాట్లాడకూడదు. మాట్లాడాను. పాస్టరుగారు ప్రార్థన చేసి మీటింగు ముగించారు.

మర్నాడు నాయన అక్క మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బావ కూడా అక్కడే ఉన్నాడు. ఆ పెళ్ళి తప్పని ఒక్క మాట ఒప్పుకుంటే, తాను సంఘానికి చెప్పి బల్ల తెప్పిస్తానన్నాడు నాయన. అంతా బావ ముందే, ఏ మొహమాటమూ లేకుండా.

బావకు కోపం రాలేదు. "సెప్పేయ్," అన్నాడు అక్కతో. "మాటే గదా. నాకేం తరిగిపోతాది?"

అక్క బావ వైపు చూసింది. "నీతో బతికింది పాపమని సెప్పి తినేదా? ఆ రొట్టె నాకు గొంతు దిగదు." తర్వాత నాయన వైపు తిరిగింది. "అది మాత్రం అనను నాయనా. అయితే నేను సేసిన తప్పు ఇంకొకటి ఉండాది." నగరి గుళ్ళో తాను తిన్న రొట్టె సంగతి, నొప్పి సంగతి, నాకు చెప్పినట్టే మొత్తం చెప్పింది.

నేను నాయన ముఖమే చూస్తున్నాను. ఆ ముఖం వెలిగింది. ఇంకో మాట లేదు దానికి. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆయన ముందుకు వంగి అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇది సాలమ్మా. ఇదే ఒప్పుకోలు. పెళ్ళి మాట నేనింక ఎత్తను." కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన అట్లా ఏడవలేదు.

"దానివల్లనే వచ్చిందా నాయనా?" అంది అక్క.

అక్కడ ఒక్క మాట చాలు. కాదమ్మా అంటే చాలు. నాయన ఆలోచించాడు. 

"ప్రేమించే బిడ్డనే తండ్రి దండిస్తాడమ్మా," అన్నాడు.

నేను ఆయన రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాను. దేవుడు దాన్ని చంపుతున్నాడని నువ్వే దాని మొహం మీద చెప్పావు, నీకు తెలుస్తోందా అని అడిగాను. జనం ఆగి చూస్తున్నారు.

"నీకు తెల్దు పాపా," అన్నాడు నాయన, మెల్లగా. "కారణం లేకుండా నేను కట్టుబాటు ఎత్తేస్తే, ఆ కాంపౌండరు మొహం ఎట్ల సూసేది? ఇప్పుడు కారణం దొరికింది. తప్పు ఒప్పుకునింది, దండన పడింది, తిరిగి వచ్చింది. ఇంక ఎవురూ కాదనరు. అది మనలో కలస్తాది."

ఆయన దాన్ని దయ అనుకున్నాడు. నిజంగా అనుకున్నాడు. అదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

మొదటి ఆదివారం గుళ్ళో నాయన పాస్టరుగారు ప్రసంగం చేసే పుల్పిట్ పక్కన నిలబడి చెప్పాడు. తన కూతురు అయోగ్యంగా రొట్టె తిన్నదని, అందుకు ప్రభువు చెయ్యి ఆమె మీద బరువుగా పడిందని, ఇప్పుడు ఆమె తప్పు ఒప్పుకున్నదని, ఆమెను మళ్ళీ చేర్చుకోమని సంఘాన్ని వేడుకున్నాడు. గుడి అంతా ఒక్క గొంతుగా ఆమెన్ అంది. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. నా వెనక ఒక ముసలమ్మ పక్కామెతో, "వాక్యం ఊరికే పోతాదా తల్లీ?" అంది. వాళ్ళ దుఃఖం నిజమే. ఆ దుఃఖం కింద ఒక నిమ్మళం కూడా ఉంది. తమ లెక్క సరిపోయిందన్న నిమ్మళం. నేను లేచి బయటికి వచ్చి చెప్పుల దగ్గర నిలబడ్డాను.

ఆ సాయంత్రమే పాస్టరుగారు, నాయన, కాంపౌండరు కారులో తిరుపతికి వచ్చారు. చిన్న స్టీలు డబ్బాలో రొట్టె, సీసాలో ద్రాక్షరసం. మంచం చుట్టూ తెర లాగారు. బావ తెర బయట నిలబడ్డాడు, ఎవరూ పొమ్మని చెప్పకుండానే. పాస్టరుగారు ప్రార్థన చేసి డబ్బా నాయన చేతికిచ్చారు. నాయన వంగాడు. అక్కకు అప్పటికి గట్టి పదార్థం దిగడం లేదు. రొట్టె ముక్కను రసంలో ముంచి నాలుక మీద పెట్టాడు. అది మింగేసరికి చాలాసేపు పట్టింది.

దాని ముఖం గురించి అబద్ధం చెప్పను. అంత సంతోషం నేను దాని పెళ్ళినాడు కూడా చూడలేదు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఈ ఒక్క ముక్క కోసమా ఇన్నేళ్ళు అనిపించింది. ఈ ఒక్క ముక్క ఇంత చెయ్యగలదా అని కూడా అనిపించింది.

"ఇప్పుడు దేవుడు నన్ను క్షమించినాడా నాయనా?"

"క్షమించినాడమ్మా."

"అట్లయితే తగ్గుతాది," అంది అక్క.

నాయన స్టీలు డబ్బాకు మూత పెట్టాడు. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు.

మా ఇంట్లో లెక్కల టీచరును నేను. కానీ లెక్క తప్పకుండా వేసేది అక్కే. మర్నాటి నుంచి అది నయం కావడానికి ఎదురుచూడటం మొదలుపెట్టింది. మగ్గాలు మళ్ళీ నడపమని బావను నగరికి పంపింది. వచ్చే మొదటి ఆదివారం చిత్తూరు గుళ్ళో ఏ వరసలో కూర్చోవాలో నాతో మాట్లాడింది. నర్సు నొప్పికి మాత్ర ఇస్తే నాలుక కింద దాచి, ఆమె పోయాక ఊసేసేది. నేను పట్టుకుని తిడితే, "నయమైనోళ్ళకు మందెందుకే? అది అపనమ్మకం గాదా?" అంది.

నొప్పి దాని మాట వినలేదు. పక్క మంచం ఆమె బాగై, కొడుకుల భుజాల మీద చేతులేసి నడుచుకుంటూ ఇంటికి పోయింది. అక్క ఆమె పోయిన దారి వైపే చూస్తూ పడుకుంది. ఆ రోజంతా పెదవి కొరుక్కుంటూనే ఉంది. దుప్పటి అంచు దాని పిడికిట్లో నలిగి చినిగింది. సాయంత్రం నాయన వచ్చి తల నిమిరాడు. అక్క కళ్ళు తెరిచింది.

"నాయనా, క్షమించలేదు సూడు."

"ఏందమ్మా?"

"తప్పుకు నొప్పి వచ్చింది గదా. క్షమిస్తే పోవల్ల గదా. పోలేదు. ఎక్కువయ్యింది. అందరూ కలిసి అడిగినా ఆయన వినలేదు నాయనా. నన్ను ఎలేసింది మనుషులు గాదు."

నాయన కుర్చీలోంచి జారి నేల మీద మోకాళ్ళ మీద పడ్డాడు. ప్రార్థనకని నేననుకున్నాను. కాదు. "అమ్మా, అది దానివల్ల గాదమ్మా," అన్నాడు.  "రోగమమ్మా. రోగాలు అందరికీ వస్తాయి. మీ అమ్మకు రాలేదా? ఆ యమ్మ ఏం తప్పు సేసింది? నువ్వు ఏమీ సెయ్యలేదు తల్లీ. ఆకలైనోళ్ళు తిన్నట్టు తిన్నావు, అంతే."

నేను ఎన్ని రోజుల నుంచో ఆయన నోట వినాలనుకున్న మాట అదే. ఇంత ఆలస్యంగా విన్నాను. సంతోషం కలగలేదు.

అక్క ఆయన వైపు తల తిప్పింది. "మరి గుళ్ళో అట్ల సెప్పినావే?"

నాయన దుప్పటి సర్దబోయాడు. అక్క ఆయన చెయ్యి ఆపింది.

"ఇది నిజమైతే ఆడ సెప్పు పో నాయనా. ఈడ నా సెవిలో సెప్తే నేనెట్ల నమ్మేది? నా మనసు ఉండబట్టలేక సెప్తా ఉండావేమో. అందరి ముందర సెప్పు. అప్పుడు నమ్ముతా."

"ఆదివారం సెప్తానమ్మా," అన్నాడు నాయన.

ఆ వారం అది ఆదివారం కోసమే బతికింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, దూరంలో ఎవరైనా ఉంటే పిలిపించుకోండి అని చెప్పింది. బావ మగ్గాలకు తాళం వేసి వచ్చేశాడు. ఆదివారం పొద్దున అక్కను బావకు అప్పగించి, నేనూ నాయనా మొదటి బస్సు పట్టుకుని చిత్తూరు పోయాం. దారిలో నాయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. చెప్పబోయే మాటలు కూర్చుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఆయన మీద నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత జాలి కలిగింది. ధైర్యం చెప్పాలనిపించి, చంద్రగిరి దాటాక ఆయన చేతి మీద చెయ్యి వేశాను.

పాటలయ్యాయి. వాక్యమయ్యింది. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అన్నారు పాస్టరుగారు. నాయన లేచాడు.

ఆయన లేవగానే గుడి మొత్తం ఆయన వైపు తిరిగింది. ప్రభువు కనికరించి బిడ్డను లేపాడని చెప్తాడనుకున్నారో ఏమో, ఆ ముఖాల నిండా ఆశ ఉంది. మగవాళ్ళ వైపు ముందు వరసలో కాంపౌండరు కూడా తల తిప్పి చూశాడు. నాయన ముందున్న బెంచీ అంచు పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తల కాంపౌండరు వైపు తిరిగింది. ఆ మాట చెప్తే తన కూతురి సంగతి ఒక్కటే కాదు, కాంపౌండరు కూతురి సంగతి కూడా చెప్పినట్టవుతుంది. ఇన్నేళ్ళు బల్ల ఆపిన ప్రతి మనిషినీ ఆపింది దేవుడు కాదు, తామే అని చెప్పినట్టవుతుంది. అది ఆయనకు ఆ క్షణంలో తెలిసిందని నాకు ఆయన వీపు చూస్తేనే తెలిసిపోయింది.

"నా పెద్ద బిడ్డ కోసరం ప్రార్థన సెయ్యండి," అన్నాడు. కూర్చున్నాడు.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. మంచి ప్రార్థనే.

నేను లేచి చెప్పి ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేను చెప్తే అది కోపిష్ఠి చెల్లెలి కూత. ఆపినవాడు చెప్తేనే దానికి విలువ. అక్క అడిగింది కూడా ఆయన్నే.

తిరుగు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చుని తల చువ్వలకు ఆనించుకున్నాడు.  నేను లోపల మాటలు నూరుకుంటున్నాను. పోగానే అక్కకు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. మన నాయనకు దేవుడి కంటే గుడి జనం అంటేనే భయమని చెప్తాను. నిన్ను వెలేసింది దేవుడు కాదు, ఇదిగో ఈయనే అని చూపిస్తాను. అది తెలుసుకునే పోతానంది కదా, తెలుసుకునే పోనీ. తిరుపతి బస్టాండులో దిగేసరికి ఒక్కొక్క మాటా వరసగా పెట్టుకున్నాను.

వార్డులో బావ అక్క తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దాని ముఖం పసుపు పచ్చగా, పిడికెడంత అయిపోయింది. అయినా మెలకువగానే ఉంది. నిద్రను ఆపుకుని మా కోసం చూస్తోందని బావ అన్నాడు. నాయన మంచం కాళ్ళ వైపే ఆగిపోయాడు.

"సెప్పినావా నాయనా?"

నాయన అబద్ధం ఆడటం నేను అంతవరకూ ఎరగను. ఇంటికి అప్పులవాళ్ళు వచ్చినా లేనని చెప్పించని మనిషి.

"సెప్పినానమ్మా," అన్నాడు.

"అందరి ముందరా?"

"అందరి ముందరా."

"ఏమన్నారు?"

అక్కడ ఆయనకు మాట దొరకలేదు. అలవాటు లేని పని.  అక్క కళ్ళు మెల్లగా ఆయన మీద నుంచి నా మీదికి వచ్చి ఆగాయి. ముఖం మీద మాట కొట్టినట్టు చెప్పేదాన్నని, దేన్నీ దాచనని దానికి నా మీద చిన్నప్పటి నుంచీ నమ్మకం.

"నువ్వు సెప్పవే. ఏమన్నారు అందరూ?"

నాయన నా వైపు చూడలేదు. తల వంచుకుని మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆమెన్ అన్నారక్కా," అన్నాను.